చల్లగా కాలిన కాలు

చిన్నప్పటి నుంచి పెద్దవాళ్లు నన్ను "చల్లగా ఉండు నాయనా" అని దీవిస్తూ వచ్చారు. ఆ దీవెనలన్నీ మూటగట్టుకుని ఒకే రోజు ఒకే కాలికి తగులుతాయని నేనెప్పుడూ అనుకోలేదు. హిమాలయాలను క్యాలెండర్లో తప్ప చూడని మనిషిని. అలాంటి నాకు గన్నవరం దగ్గర ఒక కల్యాణ మండపంలో, నాదస్వరం మోగుతుండగా, కుడికాలు గడ్డకట్టింది. మా కృష్ణా జిల్లాలో పాముకాటు తెలుసు, కుక్కకాటు తెలుసు. మంచు కూడా కరుస్తుందని, కరిస్తే వదలదని ఎవరికీ తెలియదు. పెళ్లిళ్ల సీజను మళ్లీ వస్తోంది. నేను మళ్లీ నడుస్తున్నాను. అందుకని ఇది రాస్తున్నాను.

ముందు నా కాలి గురించి రెండు ముక్కలు చెప్పాలి. బెంజ్ సర్కిల్‌కి దగ్గర్లో నాకొక చిన్న డ్రైవింగ్ స్కూలు ఉంది. నేర్పే కార్లలో స్టీరింగ్ దగ్గర కూర్చున్నవాళ్ల కాలి కింద ఒక బ్రేకు, పక్క సీట్లో కూర్చునే నా కాలి కింద రెండో బ్రేకు ఉంటాయి. వాళ్లు కంగారులో ఏది తొక్కినా, చివరికి బండిని ఆపాల్సింది నా కుడికాలే. ఇన్నేళ్లూ మా ఇంట్లో పొయ్యి వెలిగిందంటే ఆ కాలి బొటనవేలి చలవే. చలవ అనే మాట వాడటానికి ఇప్పుడు కొంచెం భయంగా ఉంది.

మాఘం

లహరి మా అక్క కూతురు. పెళ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మేనమామలు మండపంలోకి మోసుకురావడం మాలో ఆచారం. సొంత మేనమామను నేనొక్కణ్ణే కాబట్టి ముందు పక్క నేను పట్టాను. మిగతా పక్కలు మా బాబాయి కొడుకులు పట్టారు. కాళ్లు కడుక్కుని చెప్పుల్లేకుండా నడవాలి. గంపను మండపంలోనే దించాలి, దారిలో దించకూడదు. ఇదంతా తరతరాలుగా వస్తున్నదే. కొత్తగా వచ్చింది పొగ.

ఈవెంట్ మేనేజరు దారికి రెండు పక్కలా పూలకుండీల చాటున ట్రేలు పెట్టించాడు. వాటిలో డ్రై ఐస్ పలకలు పేర్చి వేడినీళ్లు పోయించాడు. మోకాళ్ల దాకా తెల్లటి పొగ లేచింది. "మేఘాల్లోంచి పెళ్లికూతురు దిగి వస్తున్నట్టు ఉంటుంది సార్," అన్నాడు. మోసేవాడికి కింద నేల కనబడదని ఆయనకు తోచలేదు. రోడ్డు చూసి నడపండని జీవితమంతా జనానికి చెబుతున్న నాకూ తోచలేదు.

మండపం ఇంకో నాలుగడుగుల్లో ఉందనగా ఫొటోగ్రాఫర్ చెయ్యెత్తాడు.

"సార్, అక్కడే ఆగండి. క్రేన్ షాట్. కదలొద్దు."

"ఎంతసేపయ్యా?"

"అయిపోయింది సార్. కొంచెం నవ్వండి."

గంప ఒక పక్కకు ఒరుగుతుంటే ఆపడానికి కుడికాలు జరిపాను. తడికాలు ట్రేలోంచి దారి మీదికి జారిన ఏదో పలక మీద పడింది. అంతే, కత్తి దిగినట్టు అరికాల్లోంచి మోకాలి దాకా ఒక మంట లేచింది. తీయబోతే రాలేదు, అంటుకుపోయింది. లహరి బరువంతా నా భుజం మీదే ఉంది. వదిలేస్తే పిల్ల తలకిందులుగా పడుతుంది. "అక్కా, కాలు," అన్నాను. బాజాల హోరులో అక్కకు సగమే వినబడి, "దించకురా, దించకూడదు," అంది. లైటు సరిపోలేదట, క్రేను మళ్లీ మొదటికి వెళ్లింది. కాసేపటికి నొప్పి దానంతటదే పోయింది. హమ్మయ్య అనుకున్నాను. బతుకులో నేను అనుకున్న హమ్మయ్యలన్నింటిలోకీ తెలివితక్కువ హమ్మయ్య అదే.

కదలమన్నప్పుడు కాలిని బలంగా లాగాను. పాత పంచె చింపినట్టు చప్పుడైంది. అరికాలి చర్మం కొంత ఆ పలక మీదే ఉండిపోయింది. పొగలో ఎవరికీ కనబడలేదు. గంపను మండపంలో దించి, అదే నవ్వుముఖంతో కూలబడ్డాను. ఆల్బమ్‌లో ఆ ఫొటో ఉంది. చూసినవాళ్లంతా, మేనమామ మేఘాల్లో తేలిపోతున్నాడు అంటారు.

నన్ను మోసుకెళ్లి పక్క గదిలో పడుకోబెట్టారు. కాలివేళ్లు మైనంతో చేసినట్టు తెల్లగా ఉన్నాయి. గోటితో కొడితే టకటకమన్నాయి. మా అమ్మకు బెణుకైనా, పంటినొప్పైనా, ఎవరికో దిగులైనా ఒకటే మందు, ఉప్పు కాపడం. వంటవాళ్ల దగ్గర ఉప్పు వేయించి, గుడ్డలో మూటగట్టి తెచ్చి వేళ్ల మీద అదిమింది.

"వేడి తెలుస్తోందా నాన్నా?"

"లేదమ్మా."

"చల్లారిపోయినట్టుంది. పద్మా, ఇంకాస్త వేయించుకురామ్మా."

మా ఆవిడ పద్మ పరుగున వెళ్లి మళ్లీ వేయించుకొచ్చింది. తెలియడం లేదు కాబట్టి ఇంకా వేడి పెట్టాలని వాళ్ల లెక్క. తెలియనప్పుడు వేడి పెట్టనే కూడదని మాలో ఒక్కరికీ తెలియదు. గదిలో మాడు వాసన వచ్చింది. వంటశాలలో ఏదో అడుగంటిందని అందరం అనుకున్నాం, నాతో సహా. ఆ కాపడం నన్ను కాపాడలేదు, కాల్చింది.

తాళి పడ్డాక బావకు సంగతి తెలిసింది. కూతురి పెళ్లి అని కూడా చూడకుండా ఈవెంట్ మేనేజరు గూబ మీద ఒక్కటిచ్చాడు. ఆయన వెళ్లి పూలకుండీల మీద పడ్డాడు. ఆయన మనుషులు బావ చొక్కా పట్టుకున్నారు. మా బాబాయి కొడుకులు వాళ్ల మీద పడ్డారు. కారణం తెలియని మగపెళ్లివారు తమను కూడా ఎవరో ఏదో అన్నారనుకుని లేచారు. శాటిన్ రిబ్బన్లు కట్టిన కుర్చీలు గాల్లో ఎగిరాయి. ఎవరి నుదురో పగిలి కొత్త చీరల మీద నెత్తురు చిందింది. తలంబ్రాల బియ్యం మీద జారి పెద్దమనుషులు ఒకరి మీద ఒకరు పడ్డారు. ఎప్పుడూ అందరి విషయాల్లో వేలు పెట్టేవాణ్ణి, ఆ రోజు మాత్రం పెట్టడానికి నా వేళ్లు ఖాళీగా లేవు.

సరిగ్గా అప్పుడే నా కాలు కరగడం మొదలైంది. ఆ నొప్పికి నా దగ్గర మాటల్లేవు. రోట్లో వేసి దంచుతుంటే ఎముకల లోపల నుంచి ఇంకెవరో మేకులు కొడుతున్నట్టు ఉంది. గన్నవరం నుంచి ఆసుపత్రి దాకా మా స్కూలు కార్లోనే, సీటుబెల్టును పళ్లతో కొరుకుతూ వచ్చాను. పద్మ చెయ్యి అడ్డం పెడితే దాన్నీ కొరికాను. ఆ గాట్లు బెల్టు మీద ఇంకా ఉన్నాయి. నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు ఎలుకలనుకుంటారు.

ఫాల్గుణం

కాలిన గాయాలు చూసే డాక్టరు నడివయసు మనిషి, నెమ్మదస్తుడు. కాలు చూసి ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "ఇది ఎవరు కాల్చారండీ?"

అమ్మ గుమ్మం దగ్గర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

"నేనే పెట్టుకున్నానండీ కాపడం," అన్నాను.

ఆయన నా వైపు, నా కాలి వైపు, గుమ్మం వైపు చూసి ఇంకేమీ అడగలేదు. "గడ్డకట్టిన చోట రుద్దకూడదు, నిప్పు చూపించకూడదు. చెయ్యి పెడితే హాయిగా ఉండేంత గోరువెచ్చటి నీళ్లలో ఉంచి, వెంటనే ఆసుపత్రికి రావాలి. ఇకముందు ఇంకెవరికైనా ఇలా అయితే చెప్పండి," అన్నారు. చెబుతున్నాను.

నాలుగు రోజులు తిరక్కుండానే నెత్తురు నిండిన బొబ్బలు లేచాయి. వేళ్లు నల్లబడ్డాయి. ఇంకో సర్జను వచ్చి చూసి, పాదం ముందు సగం తీసేయడం మంచిదన్నాడు. ముందు సగమంటే నా బ్రేకు. నెమ్మదస్తుడైన డాక్టరు మాత్రం, "తొందరపడొద్దు. ఏది చచ్చింది, ఏది ఊగిసలాడుతోంది అన్నది ఇప్పుడే తేలదు. ఊగిసలాడేదానికి ఆక్సిజన్ అందితే కొంత నిలబడొచ్చు. గ్యారంటీ మాత్రం ఇవ్వను," అని హైపర్‌బారిక్ థెరపీకి రాశారు. గాలి ఒత్తిడి పెంచిన గొట్టంలో పడుకోబెట్టి అచ్చమైన ప్రాణవాయువు పీల్పిస్తారు. నెత్తురు సరిగ్గా వెళ్లని చోటికి కూడా అది కొంత వెళ్తుందని ఆశ. ఒత్తిడి వల్ల జబ్బులొస్తాయని విన్నాను కానీ, ఒత్తిడితో వైద్యం చేస్తారని అప్పుడే తెలిసింది.

ఆ సెంటరు వెయిటింగ్ హాల్లో రోజూ కూర్చునేవాళ్లం. కాలు కాలిన పిల్లిలా తిరగడం అంటారు కానీ, నిజంగా కాలు కాలినవాడు తిరగలేడు, కుర్చీలో కూర్చుని అందరి మీదా అరుస్తాడు. నేను అరిచాను. మంచినీళ్లు ఆలస్యమైతే స్టీలు గ్లాసు గోడకేసి కొట్టాను. గ్లాసుకు సొట్ట పడింది. గోడకేమీ కాలేదు. నాలాంటివాళ్లను అది చాలామందిని చూసి ఉంటుంది.

నా తర్వాత పద్మ వంతు వచ్చింది. ఒకరోజు అందరి ముందూ అమ్మ మీద విరుచుకుపడింది.

"మీ ఉప్పుమూట లేకపోతే ఇంత అయ్యేది కాదత్తయ్యా. బతికున్న కాలిని వేపుడు చేశారు."

"అమ్మాయ్, నేను కావాలని చేశానా?"

"కావాలని ఎవరు చేస్తారు? తెలియకపోతే చేతులు ముడుచుకుని కూర్చోవాలి."

"ఉప్పు వేయించి తెచ్చింది నువ్వే కదే?" అన్నాను నేను, బ్రేకు వెయ్యబోయి యాక్సిలరేటర్ తొక్కినట్టు.

పద్మ లేచి వెళ్లిపోయింది. సాయంత్రం దాకా అత్తాకోడళ్లిద్దరూ చెరో మూల కూర్చున్నారు. ఆ రోజు నుంచి అమ్మ పొయ్యి దగ్గరకు కూడా వెళ్లలేదు.

గొట్టం గురించి చెబుతాను. నిలువెత్తు గాజు సీసాలాంటిది. నన్ను పచ్చడిలా అందులోకి తోసి మూత బిగించారు. లోపలికి నూలు బట్టలే కట్టుకోవాలి. ఉంగరం, మొలతాడు, ఫోను, తలనూనె ఏవీ ఉండకూడదు. "విమానం దిగేటప్పుడు చెవులు పట్టేస్తాయి చూడండి, అలా ఉంటుంది," అంది టెక్నీషియన్ ఉష. గన్నవరంలో విమానాలు నా నెత్తి మీదుగా దిగడం చూశానే కానీ, నేనెప్పుడూ దిగలేదు. బుస్సుమని గాలి వచ్చింది. ఎవరో రెండు అరచేతులతో చెవుల మీద ఈడ్చి కొట్టారు, కొట్టిన చేతులు తియ్యకుండా లోపలికి నొక్కుతూనే ఉన్నారు. తలలో ఏదో పగులుతుందనిపించింది. పిడికిళ్లతో గోడను గుద్దాను. మోకాళ్లతో తన్నాను. కట్టు ఊడి నెత్తురు కారింది. మైకులో ఉష గొంతు, "మింగండి సార్, మింగండి," అంటూనే ఉంది. మా ఆవిడ మాటలన్నీ మింగి అలవాటున్నవాణ్ణి, ఆ ఒక్క ఉమ్మి మింగలేకపోయాను. మధ్యలోనే బయటికి తీశారు.

"ఇంక నేను వెళ్లను. వేళ్లు పోతే పోనీ," అన్నాను.

పక్క కుర్చీలో మైలవరం నుంచి వచ్చే రైతు ఒకాయన ఉండేవారు. షుగరు పుండు, కాలు మోకాలి దాకా వాచి ఉండేది. "నాకూ మొదట్లో ఇంతేనండీ," అన్నారాయన. "పచ్చి మామిడికాయ ముక్క, ఉప్పూ కారం అద్దింది, కళ్ల ముందు పెట్టుకోండి. నోరు అదే ఊరుతుంది. ఊరినప్పుడల్లా మింగండి. చెవులు వాటంతటవే దారిస్తాయి."

మర్నాడు గొట్టంలో పడుకుని, మా తోటల్లోని మామిడికాయలన్నీ ఊహలో కోసుకుతిన్నాను. చెవులు టప్‌మని తెరుచుకున్నాయి. రోజూ గంటన్నర సేపు, వారాల తరబడి, లేని మామిడికాయలు తింటూ బతికాను. బయటికి రాగానే ఆయన "ఏ రకమండీ ఇవాళ?" అని అడిగేవారు. రోజుకో రకం చెప్పేవాణ్ణి.

ఒకరోజు మూత బిగించబోతూ ఉష ఆగింది. వంగి నా మడమల దగ్గర వాసన చూసింది. ట్రాలీని ఒక్క గుంజుతో వెనక్కి లాగింది. నా తల రాడ్డుకు కొట్టుకుంది.

"ఇది కర్పూరం నూనె. ఎవరు రాశారండీ ఈయన కాళ్లకి?" హాలంతా వినబడేలా అరిచింది. "లోపల నిండా ఆక్సిజన్ ఉంటుంది. ఒక్క నిప్పురవ్వ పుడితే మీకు అప్పజెప్పడానికి ఏమీ మిగలదు. మొదటి రోజే చెప్పానా లేదా?"

తెల్లవారగట్ల మడమలు పగిలి మండుతున్నాయంటే, నేను నిద్రమత్తులో ఉండగా పద్మ రాసింది. కట్టు లేని చోటే కదా అనుకుంది. పద్మ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

వెనక కుర్చీలోంచి అమ్మ లేచింది.

"నేనే రాశానమ్మా. ముసలిదాన్ని, మర్చిపోయాను. నన్ను తిట్టు."

ఉష తిట్టింది. అమ్మ తల వంచుకుని మొత్తం వింది. నా కాళ్లు కడిగి, తుడిచి, వాసన చూసి, మళ్లీ కడిగి అప్పుడు లోపలికి పంపారు. గొట్టంలోంచి మాటలు వినబడవు, మనుషులు మాత్రం కనబడతారు. పద్మ వెళ్లి అమ్మ పక్కన కూర్చుంది. తర్వాత అమ్మ ఏదో అంది. పద్మ అమ్మ ఒళ్లో తల పెట్టి ఏడ్చింది. ఆ రోజు నాకు మామిడికాయ అక్కర్లేకపోయింది, గొంతులో వేరేవి మింగడానికి ఉన్నాయి.

ఇంటికి వెళ్లాక, ఏమన్నావమ్మా అని అడిగాను. "ఏముంది, నువ్వు నాకోసం అబద్ధం చెప్పావుగా, నేను పద్మ కోసం చెప్పాను, ఇద్దరికీ చెల్లు అన్నాను," అంది. ఆ రాత్రి కూర అమ్మే వండింది. ఉప్పు మాత్రం పద్మతో వేయించుకుంది.

చైత్రం

మైలవరం ఆయన కొన్నాళ్లుగా రావడం లేదు. ఫోను చేస్తే కొడుకు ఎత్తాడు. కాలు తీసేశారట. మనిషి బాగానే ఉన్నారట. "మామిడికాయలు కాపుకొచ్చాయి, నిజంవి పంపమంటారా అని అడగమన్నారండీ," అన్నాడు. పంపమన్నాను. ఇదే గొట్టం, ఇదే గాలి. ఆయనకు పని చెయ్యలేదు. ఈ వైద్యం అందరికీ అన్నీ తెచ్చిపెడుతుందని నేను రాస్తే, అది ఆయన ముందు అబద్ధమవుతుంది.

నా కాలి మీద నెమ్మదిగా ఒక గీత తేలింది. గీతకు అవతల బొగ్గు, ఇవతల గులాబి రంగు. డాక్టరు రోజూ ఆ గీతను చూసేవారు. బొటనవేలి దగ్గర అది గోటి దాకా వెనక్కి తగ్గింది. చిటికెనవేలు, దాని పక్క వేలి కొస మాత్రం దక్కలేదు. ఒక ఉదయం వాటిని తీసేశారు. మత్తు దిగాక వచ్చిన నొప్పికి మళ్లీ పాత మేకులు, పాత రోకలి. ఈసారి కొరకడానికి పద్మ తన చెయ్యి ఇవ్వలేదు, మడతపెట్టిన తువ్వాలు తెచ్చుకుంది.

లహరి అత్తవారింట్లో, పెళ్లిలో నెత్తురు చూశారని గుసగుసలు బయలుదేరాయట. ఆ పిల్ల పసుపుతాడుతోనే నన్ను చూడ్డానికి వచ్చి, మంచం పట్టె పట్టుకుని నిలబడింది.

"నేను దిగిపోతానని ఒక్క మాట అనుంటే అయిపోయేది మావయ్యా. నా బరువుకే నీ కాలు పోయింది."

"నీ బరువెంతే? ఆ ఫొటోగ్రాఫరే బరువు."

నవ్వలేదు. పెళ్లి కానుకగా కారు నేర్పిస్తానని తనకు మాటిచ్చాను. మొగుడు నేర్పుతానన్నా ఒప్పుకోలేదట. "నువ్వు పక్కన కూర్చుంటేనే. లేకపోతే నాకు కారే వద్దు," అని వెళ్లిపోయింది.

ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చేముందు డాక్టరును అడిగాను. బొటనవేలు దక్కింది ఆ గాలి వల్లా, లేక కొయ్యకుండా ఆగినందుకు కాలమే దక్కించిందా?

"ఏమో మురళి గారూ," అన్నారాయన. "రెండూ పని చేసి ఉండొచ్చు. ఏది ఎంత అన్నది చెప్పలేను."

అంత పెద్ద డాక్టరు "ఏమో" అంటే మొదట కోపమొచ్చింది.

జ్యేష్ఠం

ఎండలు ముదిరాక పక్క సీట్లో మళ్లీ కూర్చున్నాను. కుడి బూటులో ఖాళీకి దూది పెట్టాను. చల్లనివి తగిలితే కాలు ఇప్పటికీ మండుతుంది. ఐస్‌క్రీమ్ బండి చూస్తే రోడ్డు దాటుతాను. స్టీరింగ్ దగ్గర లహరి కూర్చుంది. చేతులు వణుకుతున్నాయి. నా కాలు కూడా వణుకుతోంది కానీ, అది కింద ఉంది కాబట్టి తనకు కనబడలేదు.

బందరు రోడ్డు మీద బాగానే వచ్చింది. బెంజ్ సర్కిల్ దగ్గరికి వచ్చేసరికి ఫ్లైఓవర్ కిందనుంచి ఒక ఆటో అడ్డంగా దూసుకొచ్చింది. అందులో యూనిఫారాల్లో పిల్లలు ఉన్నారు. లహరి అరిచింది. నా కాలు దానంతటదే లేచి రెండో బ్రేకు మీద పడింది. బొటనవేలి నుంచి మోకాలి దాకా ఆ రోజు పలక మీద లేచిన మంటే మళ్లీ లేచింది. కారు ముందుకు ఊగి, ఆటోకు జానెడు దూరంలో ఆగింది. ఆటోవాడు మా ఇద్దరి పుట్టుపూర్వోత్తరాలూ తిట్టి వెళ్లిపోయాడు.

లహరి కిందికి చూసింది. తన పాదం కూడా బ్రేకు మీదే ఉంది, నేల దాకా తొక్కేసి ఉంది.

"మావయ్యా, నువ్వు ఆపావా, నేను ఆపానా?"

నొప్పికి నా కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. వేళ్లు ఒక్కొక్కటీ మండుతూ, ఉన్నాం ఉన్నాం అంటున్నాయి.

"ఏమోనే," అన్నాను. "వెనక హారన్లు కొడుతున్నారు. ముందు బండి స్టార్ట్ చెయ్యి."